ఆరు మెట్ల మేడ

మా ఊరి ఒరల మేస్త్రిగారు, అంటే నూతుల్లో సిమెంటు వలయాలు దింపే ఆయన, పోయారని మొన్న పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఎనభై దాటే ఉంటాయి. "రాత్రి పెరుగన్నం తిని పడుకున్నాడంటక్కా, తెల్లారేసరికి లేడు" అంది. ఆయన మాకు చుట్టం కాదు, మా వీధివాడూ కాదు. కానీ నేను చదువుకున్న బళ్ళో నుయ్యి దింపింది ఆయనే. ఏళ్ళ తరవాత నేను పాఠాలు చెప్పిన బళ్ళో లెట్రిన్లు కట్టిందీ ఆయనే. రెండు చోట్లా దాతల పేర్లు చెక్కిన నల్లరాయి ఉంది. ఆ రాళ్ళని గోడకి బిగించింది కూడా ఆయనే. వాటి మీద మాత్రం ఆయన పేరు లేదు.

ఆ రోజంతా వంటింట్లో ఏదో చేస్తూనే ఉన్నాను గానీ మనసు బళ్ళ చుట్టూనే తిరిగింది. గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

*

గోదారి పాయలు గౌతమికీ వైనతేయకీ మధ్య, పంటకాలవ గట్టునానుకుని ఉంటుంది మా ఊరు. ఎటు చూసినా నీళ్ళే. కాలవ, బోదెలు, చెరువు, స్థితిమంతుల పెరళ్ళలో నూతులు. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే చాలు, ఊట వచ్చేస్తుంది. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో బడిపిల్లలు తాగడానికి ఉన్నది మాత్రం ఒక్క కుండ.

వరండా మూల ఇసక పోసి, దానిమీద కుండ పెట్టేవారు. చుట్టూ తడిపిన గోనెపట్టా. మూతగా సత్తు పళ్ళెం, పక్కన మేకుకి పొడుగు కాడ కొబ్బరిచిప్ప గరిటె. పొద్దున్నే ఐదో తరగతి మగపిల్లలిద్దరు కర్రకి బిందె తగిలించుకుని బడి వెనకాల ఇంటివాళ్ళ నూతి దగ్గరికెళ్ళి తెచ్చేవారు. ఆ ఇంటి మామ్మగారి మనసు బాగుంటే రెండు బిందెలు. బాగోకపోతే ఒకటి, దాంతోపాటు బండెడు చీవాట్లు. ఆవిడ ఊరెళితే ఆ రోజుకి మాకు నీళ్ళే లేవు.

పేట పిల్లలు, అంటే దళితవాడ పిల్లలు, కుండ దగ్గరికి రాకూడదు. దోసిలి పట్టుకుని వరండా మెట్టు కింద నిలబడితే మా తరగతి లీడరు పైనుంచి పోసేవాడు. వాడు విసుక్కుంటూ పోస్తే సగం నీళ్ళు మోచేతుల మీంచి కారి నేలపాలయ్యేవి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి నా పక్కనే కూర్చుని ఎక్కాలు చెప్పేది. పలక మీద నా ఉమ్ముతో ఆవిడ, ఆవిడ ఉమ్ముతో నేను తుడుచుకునేవాళ్ళం. దాహం వేసినప్పుడు మాత్రం ఆవిడ మెట్టు దిగాలి. మాస్టారు మంచాయనే, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఈ విషయంలోనూ ఏమీ అనలేదు.

తరవాత వేరే ఊర్నించి బదిలీ మీద ఒక హెడ్మాస్టారు వచ్చారు. పొట్టిగా, ఎప్పుడూ గొడుగేసుకుని ఉండేవారు. వచ్చిన నెలలోనే "బడికి సొంత నుయ్యి ఉండాల"ని పట్టుబట్టారు. పంచాయతీ సమితి ఆఫీసుకి అర్జీ పెడితే ఎప్పటికవుతుందోనని ఆయనే ఇల్లిల్లూ తిరిగారు. డబ్బులడిగితే ఎవరూ ఇవ్వరని ఆయనకి తెలుసు. కోనసీమలో రైతు చేతిలో రూపాయి ఉండదు గానీ చెట్టు మీద కాయ ఉంటుంది. అందుకని కొబ్బరికాయలు అడిగారు. దింపు తీసినప్పుడల్లా ఇంటికి పది కాయలు బడికి. మా నాన్న నలభై ఇచ్చాడు, మా అమ్మ సణిగింది. ఆ కాయలన్నీ బళ్ళోనే రాశి పోసి, బండి కట్టించి అంబాజీపేట పంపారు. వచ్చిన డబ్బుతో సిమెంటు ఒరలు పోయించడానికి మేస్త్రిగారొచ్చారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఐదో నలభయ్యో.

నుయ్యి ఎండాకాలంలోనే దింపాలి. కాలవలు కట్టేశాక, అంటే వాటికి నీళ్ళు ఆపేశాక, భూమిలో నీరు బాగా కిందకి పోయినప్పుడు దింపితేనే మళ్ళీ ఎండాకాలానికి నీళ్ళుంటాయి. వానాకాలంలో తవ్వి, పైపై నీళ్ళు చూసి మురిసిపోయే వాళ్ళని చూస్తే ఆయనకి నవ్వు. ముందు ఒక ఒర నేల మీద పెట్టి, లోపల ఇద్దరు కూర్చుని దాని అంచు కింద చుట్టూ సమంగా తవ్వుతారు. తన బరువుకి తనే దిగుతుంది ఒర. దాని మీద ఇంకొకటి పెడతారు. తట్టల్లో పైకొచ్చే మట్టి ముందు నల్లగా, తరవాత బూడిదరంగులో, ఆ తరవాత ఇసక. ఇసక కనపడగానే మేస్త్రిగారు బీడీ వెలిగించేవారు. మేం సెలవల్లో కూడా బడి చుట్టూనే ఉండేవాళ్ళం, అంతకంటే వినోదం ఊళ్ళో లేదు మరి.

మూడో ఒర ఒకపక్కకి ఒరిగింది. తూకం గుండు వేలాడదీసి చూసి, ఎత్తుగా ఉన్న వైపు ఇసక బస్తాలు పెట్టించారు. చాల్లేదు. "ఊళ్ళో బాగా లావుగా ఉన్నోళ్ళెవరండీ?" అన్నారు. హెడ్మాస్టారు మొహమాటపడుతూ కిరాణా కొట్టు షావుకారునీ, మునసబుగారి తమ్ముణ్ణీ పిలుచుకొచ్చారు. వాళ్ళిద్దరూ ఒర అంచు మీద పంచెలు సర్దుకుని, ఊరంతా చూస్తుండగా ఒక పూటంతా కూర్చున్నారు. ఒర సర్దుకుంది. షావుకారు చనిపోయేదాకా ఆ నుయ్యి తనే దింపానని చెప్పుకునేవాడు.

ఒరలు మోసిందీ మట్టి ఎత్తిందీ చాలావరకు పేటవాళ్ళు. నుయ్యి తయారయ్యాక రెండు చేదలు వేలాడదీశారు, ఒకటి వీళ్ళకి, ఒకటి వాళ్ళకి. హెడ్మాస్టారు పోట్లాడారు గానీ అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయారు.

ఆ రెండో చేద పోయింది ఎవరో ఉపన్యాసం చెప్పినందుకు కాదు. కొన్నాళ్ళకి ప్రభుత్వం బళ్ళో బోరింగు వేసింది. కొట్టే కాడ ఉంటుంది, నీళ్ళు పడే గొట్టం ఉంటుంది. తాడు లేదు, చేద లేదు, ఇది నాది అది నీదని తగిలించడానికి ఏమీ లేదు. పైగా ఒకరు కొడితేనే ఇంకొకరు తాగగలరు. మొదట్లో కొన్ని రోజులు పెద్దింటి పిల్లలు ఇంటి దగ్గర్నించి సీసాల్లో తెచ్చుకున్నారు. ఎండలు ముదిరాక అదీ మానేశారు. పొద్దుటి ప్రార్థనకి ముందు ఆ బోరింగు కీచు కీచుమంటుంటే, ఆ చప్పుడు విని మా ఇంట్లో మా అమ్మ "బడికి టైమైంది లే" అనేది.

*

కాలవలు కట్టేయడం అంటే ఇప్పటి పిల్లలకి ఏం తెలుసో నాకు తెలీదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసినప్పట్నించీ డెల్టాలో మనిషి బతుకంతా కాలవ క్యాలెండరే. ఏప్రిల్లో నీళ్ళు ఆపేస్తారు, జూన్లో వదుల్తారు. మధ్యలో పూడిక తీయడం, లాకులకి మరమ్మతులు. ఆపే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. రెండు నెలలు ఊరంతటికీ అవే తాగునీళ్ళు.

చెరువు నింపే రోజుల్లో బడిపిల్లలకి కాపలా డ్యూటీ. గేదెల్ని దిగనివ్వకూడదు, గుడ్డలు ఉతకనివ్వకూడదు, కాళ్ళు కడగనివ్వకూడదు. చేతిలో కొబ్బరిమట్ట పట్టుకుని గట్టు మీద కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళని అదిలించే అధికారం పిల్లలకి ఏడాదిలో అప్పుడొక్కసారే దొరికేది, దాన్ని బాగా వాడుకున్నాం. ఒకసారి మా సొంత బాబాయినే వెనక్కి పంపేశాను. సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్నతో నా మీద ఫిర్యాదు చేశాడు.

ఆ నీళ్ళు వరదనీళ్ళలా ఎర్రగా లేకపోయినా మడ్డిగా ఉండేవి. బళ్ళో కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేవాళ్ళు, అది లేకపోతే పటిక తిప్పేవాళ్ళు. గంటలో మడ్డి అడుక్కి దిగేది. నీళ్ళు తేటగా ఉంటే మంచివని అందరి నమ్మకం. తేటనీళ్ళలో కూడా రోగం ఉంటుందని మాకు మొదట చెప్పింది హెల్త్ విజిటరమ్మ. నమ్మించింది మాత్రం వరదే.

*

1986 ఆగస్టు వరదప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని రేడియో చెబుతుంటే పెద్దవాళ్ళు అంకె విని కూడా నమ్మలేదు. గట్లు తెగాయి. లంకలవాళ్ళనీ పల్లపు వీధులవాళ్ళనీ తెచ్చి హైస్కూల్లో పెట్టారు. గదికి నాలుగైదు కుటుంబాలు, మేకలు, కోళ్ళు, ఒక గదిలో బాలింత.

అన్నం పొట్లాలు వచ్చాయి, పాలపొడి వచ్చింది. ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. మామూలు రోజుల్లో చీకటి పడ్డాక పుంతలోకి వెళ్ళేవారు. పుంత మునిగిపోయింది. చుట్టూ నడుంలోతు నీళ్ళు, మధ్యలో బడి, అందులో వందలమంది. రాత్రిపూట నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి బడి వెనక ప్రహరీ చివరికి వెళ్ళి, ఒకరికొకరు చీర అడ్డం పట్టుకునేవారు. మా పిన్ని పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. మూడో రోజు కళ్ళు తిరిగి పడిపోయింది.

నీళ్ళు తీశాక విరేచనాలు మొదలయ్యాయి. అప్పుడు హెల్త్ డిపార్టుమెంటువాళ్ళు వచ్చి బడి నూతి దగ్గర మా అందరికీ బ్లీచింగ్ పౌడర్ కలపడం చూపించారు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన తూచారు. బకెట్లో ముందు కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, తరవాత ముప్పావు బకెట్ దాకా నీళ్ళు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా వదిలేశారు. సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రం వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్ని తాడుతో నూతిలో నీటి కిందకి దించి పైకీ కిందకీ ఆడించారు. గంటదాకా ఎవరూ తోడకూడదు. "అడుగు సున్నం నూతిలో పోస్తే నీళ్ళ కఠినత్వం పెరుగుతుంది" అని చెప్పారు. అప్పటిదాకా మా ఊళ్ళో పంచాయతీవాళ్ళు పొడి అలాగే చల్లేసి పోయేవారు.

ఆ వాసన వస్తే ఇప్పటికీ నాకు తడిసిన బెంచీలు, గోడ మీద వరద గీత, మా పిన్ని మొహం వరసగా కళ్ళ ముందుకొస్తాయి.

*

పిన్ని సంగతి చెప్పాను గనక ఇదీ చెప్పాలి. నీళ్ళు తాగకుండా ఉండటం మాకు వరదప్పుడు వచ్చిన అలవాటు కాదు. హైస్కూల్లో ఆడపిల్లలం పొద్దున్న ఇంట్లో కాఫీ తప్ప ఏమీ తాగేవాళ్ళం కాదు. ఇంటర్‌బెల్లు కొడితే మగపిల్లలు గోడవైపు పరిగెత్తేవారు. మేం గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఎవరికైనా మరీ తప్పనిసరైతే, బడి పక్కనున్న ఇంటావిడని బతిమాలుకుని పెరట్లోకి వెళ్ళాలి. ఆవిడ రోజుకి ఒకరిద్దరిని రానిచ్చేది, అంతే. నెలసరి రోజుల్లో బడికి రావడం అన్న మాటే లేదు. లెక్కల మాస్టారు "ఈ ఆడపిల్లలు నెలకి మూడు రోజులు ఎందుకు ఎగ్గొడతారో" అని అందరి ముందూ వేళాకోళం చేసేవారు. ఎగ్గొట్టగా ఎగ్గొట్టగా కొందరు మానేశారు. నా పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పిన అమ్మాయి ఎనిమిదిలో మానేసింది. పెళ్ళి కుదిరిందన్నారు. పెళ్ళి మాట తరవాతది, బడి మానేసిన ఏడాదికి గానీ అది కుదరలేదు.

*

డీఎస్సీలో ఉద్యోగం వచ్చి మొదటి పోస్టింగ్ సముద్రం పక్క ఊరికి పడింది. అక్కడ నీళ్ళ కథే వేరు. పొలం పల్లంలో తవ్వితే ఉప్పు, ఇసక దిబ్బ మీద తవ్వితే తీపి. దిబ్బ మీద పడ్డ వాననీరు ఇసకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు బరువు కదా. ఆ ఊరి ముసలివాళ్ళు సైన్సు పుస్తకం చదవలేదు గానీ "పైపైనే తోడుకోవాలి పంతులమ్మగారూ, ఆశపడి లోతుకెళ్తే సముద్రం పలుకుద్ది" అనేవారు. బడి నుయ్యి దిబ్బ మీద ఉండేది. చేదతో తోడేవాళ్ళం. సాయంత్రానికి నీళ్ళు తగ్గితే ఆపేసి, పొద్దున్నకి ఊరేదాకా ఆగేవాళ్ళం.

నేనున్నప్పుడే ఒక దాత బడికి మోటారు ఇచ్చారు. మంచి ఉద్దేశమే. కొబ్బరికాయ కొట్టారు, ఫొటో తీశారు. మోటారుకి సాయంత్రం, పొద్దున్న తేడా ఏం తెలుస్తుంది! చెట్లకీ ఆ నీళ్ళే పెట్టారు. రెండో వేసవికి నీళ్ళు ఉప్పెక్కాయి. అప్పుడు ఒక తాతగారు వచ్చి ఎవర్నీ ఏమీ అనకుండా మోటారు వైరు పీకించి, మళ్ళీ గిలక బిగించారు. రెండు వానాకాలాలు గడిచాక గానీ తీపి తిరిగి రాలేదని అక్కడి టీచరు తరవాత చెప్పింది. అప్పటికి నాకు బదిలీ అయిపోయింది.

*

బదిలీ అయింది గోదారి ఇంకో పాయ వశిష్ఠ గట్టు కింద ఊరికి. నేనెక్కువ కాలం పనిచేసిన బడి అదే. ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమం నడుపుతున్న రోజులు. 1998లో చట్టం వచ్చి ప్రతి బడికీ తల్లిదండ్రులతో విద్యా కమిటీలు పెట్టారు. కొన్ని ఊళ్ళలో అవి కాగితం మీదే ఉండేవి. మా బళ్ళో మాత్రం నిజంగా పోట్లాడుకునేవారు. పోట్లాడుకునే కమిటీ ఉంటేనే పని జరుగుతుందని నా అభిప్రాయం, అందరూ తలలూపేచోట సంతకాలు తప్ప ఏమీ జరగవు.

లెట్రిన్లకి కొంత డబ్బు మంజూరైంది, మిగతాది ఊరి వాటా. ఇంజనీరుగారు కాగితం మీద గీసిచ్చిన ప్లానులో రెండు గుంటలు భూమిలోకి ఉన్నాయి. తవ్వడం మొదలెడితే మోకాలి లోతుకే నీళ్ళు. తోడితే మళ్ళీ నీళ్ళు. అవతల యాభై గజాల్లో బడి బోరింగు. అక్కడి మేస్త్రి చేతులెత్తేశాడు. నేను మా ఊరికి కబురు పెట్టి ఒరల మేస్త్రిగారిని పిలిపించాను.

సైకిలు మీద వచ్చి, గుంట చూసి, చుట్టూ నడిచి, "కిందకి దిగితే గోదారేనమ్మా. పైకి కట్టుకోండి" అన్నారు. జీవితమంతా ఒరలు కిందకి దింపిన మనిషి ఇక్కడ ఒరలు నేల మీదే నిలబెట్టారు. పక్కల బెజ్జాలున్న ఒరలు, రెండు జతలు. వాటి చుట్టూ మట్టి దిబ్బ కొట్టించి గట్టిగా దిమ్మిస వేయించారు. నీరు ఆ మట్టిలోంచి మెల్లగా ఇంకాలి, సూటిగా ఊటలో కలవకూడదు. దిబ్బ పక్కన అదే ఎత్తులో గదులు, పైకెక్కడానికి ఆరు మెట్లు. గొట్టం దగ్గర చిన్న తొట్టి కట్టి, బోదెకి తూము మార్చినట్టు, ఒక గుంట నిండితే రెండోదానికి మళ్ళించే ఏర్పాటు చేశారు. "నిండినదాన్ని మూసేసి రెండేళ్ళు మర్చిపోండి. మట్టయిపోద్ది. ఎవరి చేతా ఎత్తించక్కర్లేదు" అన్నారు. ఆ చివరి మాట ఆయన ఎందుకన్నారో నాకు తెలుసు. మా ఊళ్ళో పెద్దిళ్ళ పాయఖానాలు ఎత్తడానికి వెనక సందులోంచి వచ్చే ఆవిణ్ణి ఆయనా చూశారు, నేనూ చూశాను.

పిల్లలు దానికి మేడ అని పేరు పెట్టారు. ఊళ్ళో మేడలు తక్కువ మరి. "టీచర్, మేడకెళ్తానండీ!" దిబ్బ మీద కమిటీవాళ్ళు అరటి పిలకలు నాటారు. ఒక్కో గెల మోయలేనంత వచ్చేది. పిల్లలు ముట్టుకుంటే ఒట్టు. హెడ్మాస్టారు గెలలు రావులపాలెం పంపించి ఆ డబ్బుతో ఫినాయిలూ చీపుళ్ళూ కొనేవారు. అక్కడ కొనుక్కున్నవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో!

కట్టడం ఒక ఎత్తు. కట్టాక మొదటి ఆరునెలలూ మేడకి తాళం. తాళంచెవి హెడ్మాస్టారి సొరుగులో. "పాడుచేస్తారండీ, ఇన్స్పెక్షన్‌కి శుభ్రంగా ఉండాలి కదా." నిజమే, చాలా శుభ్రంగా ఉంది, ఎవరూ వెళ్ళలేదు కాబట్టి. రెండో చిక్కు నీళ్ళు. బోరింగు కింద, మేడ పైన. బకెట్లు ఎవరు మోస్తారు?

దీనికోసమే కమిటీ మీటింగు పెట్టారు. ఛైర్మన్‌గారు తేల్చేశారు: "ఆడపిల్లల కోసమే కదండీ కట్టింది. ఆళ్ళే మోసుకుంటారు."

వెనక గోడకానుకుని కూర్చున్న ఒకావిడ లేచింది. కొబ్బరిపీచు పనికెళ్ళేది, అప్పటిదాకా మీటింగుల్లో నోరు విప్పగా నేను చూడలేదు. చేతులకి ఇంకా పీచు నూగు అంటుకునే ఉంది.

"తవఁరింట్లో నీళ్ళు మోసేదెవరండీ?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"సెప్పండి. మా ఇంట్లో నేనూ, నా కూతురూనండి. ఇంటికాడ మోసి, బళ్ళోనూ అదే మోత్తే ఇంకది సదువుకునేదెప్పుడండి? మగపిల్లలకి సేతుల్లేవా?"

కొంతమంది నవ్వారు. ఆవిడ నవ్వలేదు, కూర్చోనూ లేదు. జవాబు వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆ పూట రెండు తీర్మానాలు రాశారు. ఏడో తరగతి మగపిల్లలు రోజుకిద్దరు చొప్పున మేడ తొట్టి నింపాలి. తాళంచెవి స్టాఫ్‌రూం గుమ్మానికి మేకు కొట్టి అందరికీ అందేలా తగిలించాలి.

మొదటి వారం మగపిల్లల ఇళ్ళ నించి గొడవ. "మావోడు దొడ్డి నీళ్ళు మొయ్యాలా?" అని ఒక తండ్రి బడి గుమ్మంలో పెద్ద రభస చేశాడు. పిల్లలు మాత్రం వారం తిరిగేసరికి డ్యూటీ కోసం పోటీ పడ్డారు. ఎందుకంటే నీళ్ళ డ్యూటీ ఉన్నవాళ్ళకి హిందీ పీరియడ్ సగం పోయేది. హిందీ మాస్టారు నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ పీచు పనావిడ కూతురు పది పాసైంది. మేడ వల్లే పాసైందని అనను, తెలివైన పిల్ల. కానీ నెలకి మూడు రోజులు ఎగ్గొట్టలేదు, అది హాజరుపట్టీలో నేనే చూశాను.

మేస్త్రిగారు ఏటా కాలవలు కట్టేసినప్పుడు ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవారు. ఎవరూ పిలిచేవారు కాదు, డబ్బులూ ఇచ్చేవారు కాదు. దిబ్బ చుట్టూ తిరిగి, మట్టి జారినచోట కాలితో తొక్కి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. మొదటి గుంట తెరిచిన రోజు లోపల నల్లటి పొడిమట్టి చేత్తో తీసి అందరికీ చూపించారు. వాసనే లేదు. ఛైర్మన్‌గారు మాత్రం ముక్కు మూసుకునే చూశారు.

*

ఆ తరవాత పథకాలు వరసగా వచ్చాయి. 2014లో ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి, ఏడాదిలో ప్రతి బళ్ళోనూ ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలన్నారు. చాలా బళ్ళలో గదులు లేచాయి, అన్నిట్లో నీళ్ళు రాలేదు. మన దగ్గర 2019 నవంబరులో బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు, తొలి విడతలో 15,715 బళ్ళు తీసుకుని పనులు తల్లిదండ్రుల కమిటీల చేతికే ఇచ్చారు. ఇటుకలు కొన్నదీ, మేస్త్రిని పెట్టుకున్నదీ, లెక్క రాసిందీ వాళ్ళే. లెట్రిన్లలోకి కుళాయి వచ్చింది. శుభ్రం చేయడానికి నెలకి ఆరువేల మీద ఆయమ్మని పెట్టారు. దాని ఖర్చుకి, ప్రభుత్వం తల్లులకి ఇచ్చిన అమ్మఒడి డబ్బులోంచి వెయ్యి పట్టుకుంటే మా బళ్ళో కొందరు తల్లులు సణిగారు, కొందరు అదే హక్కుగా వచ్చి "మా వెయ్యి ఏవైంది, బాత్రూం కంపు కొడతందేటి?" అని నిలదీశారు. నాకు ఆ రెండోరకం తల్లులంటే ఇష్టం.

నేనిప్పుడు పనిచేసే బళ్ళో టైల్స్ ఉన్నాయి, వరసగా చేతులు కడుక్కునే కుళాయిలున్నాయి. ఆరు మెట్లు లేవు. గోడ మీద సబ్బుతో చేతులు కడుక్కునే బొమ్మలు. చుట్టూ రొయ్యల చెరువులు రావడంతో బోరు నీళ్ళు ఉప్పగా మారి, కుళాయిలు ఏడాదికే తుప్పు పడతాయి. తాగడానికి టిన్ను నీళ్ళు. పిల్లలు రంగురంగుల సీసాలు మెళ్ళో వేసుకొస్తారు. ఒకటో తరగతి పిల్లలకి లోపలి గడియ అందదు. అందితే తియ్యడం రాదు. ఒక బుడ్డోడు అరగంట లోపల ఇరుక్కుని ఏడ్చాక గడియలన్నీ కిందకి మార్పించారు.

కిందటి వారం కమిటీ మీటింగులో నీళ్ళ ఫిల్టరు గురించి వాదన జరిగింది. ఏ కంపెనీది కొనాలి, దాత ఎవరు, బోర్డు మీద ఎవరి పేరు ముందు రాయాలి. గంటసేపు. ఛైర్‌పర్సన్ ఒక పేరంటోంది, ఆవిడ మరిది ఇంకో పేరంటున్నాడు. ఆయమ్మ గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది.

"అది రేపు రాసుకోండమ్మా. మోటారు కాలిపోయి పొద్దుణ్ణించీ పైకి చుక్క ఎక్కలేదు. ఇంకో పావుగంటలో ఇంటర్‌బెల్లు."

ఛైర్‌పర్సన్ మరిది ఫోన్ తీసి మెకానిక్‌కి కొట్టాడు. ఈలోగా ఏడో తరగతి మగపిల్లల్ని నలుగుర్ని పిలిచి, ఆ బకెట్లు వాళ్ళ చేతికిచ్చాను.